మూడు వేల బోర్డు, ముప్పై రూపాయల బిళ్ల

2021 ఆగస్టులో మా ఆఫీసు కంప్యూటర్‌కి కొన్న హెచ్61 మదర్‌బోర్డు (ప్రాసెసర్, ర్యామ్ లాంటివన్నీ కూర్చునే పలక) గురించి రాస్తున్నాను. వాడకం మొదలై నాలుగేళ్లు దాటింది. దీని మీద నాకున్న కోపమంతా అయిదు రూపాయల కాసంత ఉండే ఒక్క బ్యాటరీ బిళ్ల దగ్గరే ఉంది కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను. స్పెసిఫికేషన్లు కావలసినవాళ్లకి అట్టపెట్టె మీద అన్నీ ఉంటాయి.

మాది పలాస-కాశీబుగ్గ. చిన్న జీడిపప్పు ఇండస్ట్రీ. ఆఫీసు గదిలో ఉన్నది 2013లో కొన్న కంప్యూటర్, అందులో ఐ3-3220 ప్రాసెసర్. బిల్లులు, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), వారం వారం కూలి పట్టీలు, అంతకుమించి దానికి పని లేదు. 2018లో తిత్లీ తుఫానుకి గది రేకులు లేచిపోయినా ఈ సిస్టమ్ బతికింది. ఆ రాత్రి సీపీయూని దుప్పట్లో చుట్టి ఇంట్లో మంచం కిందకి తోసింది మా అమ్మ. ఊళ్లో కరెంటు ఎన్నో రోజులకి గానీ రాలేదు, వచ్చాక ఇది మాత్రం ఏమీ ఎరగనట్టు ఆన్ అయింది.

అలాంటిది 2021 వానాకాలంలో ఒకరోజు పొద్దున్న మొండికేసింది. స్విచ్ నొక్కితే ఫ్యాన్ రెండు చుట్లు తిరిగి ఆగడం, మళ్లీ తిరగడం, మళ్లీ ఆగడం. బీప్ లేదు, తెర మీద వెలుగు లేదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టాం. కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ఎస్‌ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) విడదీసి, ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ కలిపి చూపించాడు. అది చక్కగా తిరిగింది. టార్చి వేసి ప్రాసెసర్ పక్కన చూస్తే మూడు కెపాసిటర్ల నెత్తులు పూరీల్లా పొంగి ఉన్నాయి. విశాఖ పంపి చిప్ లెవెల్ రిపేరు చేయించాం. ఎనిమిది వందలయ్యాయి, పదకొండు రోజులు నడిచింది.

కొత్త సిస్టమ్ అంటే పాతిక వేల పైమాట. బోర్డు ఒక్కటే మార్చితే 2,900. ప్రాసెసర్, ర్యామ్ పాతవే పనికొస్తాయి. మాలాంటి వాళ్లకి ఇందులో ఆలోచించేదేముంది? కుర్రాడు మొదట పొరపాటున హెచ్81 బోర్డు తెచ్చాడు. దాని సాకెట్ 1150, మాకు కావలసింది 1155. పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో కూర్చోదు. మీరు కొనేటప్పుడు ఈ ఒక్క నంబరూ రెండుసార్లు చూసుకోండి. బోర్డు మార్చిన సాయంత్రం ట్యాలీ లైసెన్స్ ఎగిరి ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్లింది, అందులో నెలకి ఒకటి, రెండు, ముప్పై ఒకటి తేదీలకే ఎంట్రీలు పడతాయి. విండోస్ కూడా మళ్లీ యాక్టివేషన్ అడిగింది. రెండూ మర్నాటికి సర్దుకున్నాయి.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఏ గొడవా లేదు. మా లైన్లో వ్యాపారం చేసే ముగ్గురికి ఇదే కొనమని చెప్పాను, ఇద్దరు కొన్నారు కూడా.

2022 మే నెల. సీజన్ మంచి జోరు మీద ఉంది. రాత్రి ఎనిమిదింటికి కోల్‌కతా వెళ్లే బండి గేటు దగ్గర నిలబడింది. పది కేజీల డబ్బాలు నూట యాభై, ఎక్కించేశారు. ఇక ఈ-వే బిల్లు తీసి డ్రైవర్ చేతిలో పెట్టడమే. యాభై వేల సరుకు దాటితే అది లేకుండా కదలకూడదు, ఇది దానికి ఎన్నో రెట్లు. సైట్ కొడితే తెరుచుకోదు. నెట్ పోయిందేమోనని రౌటర్ ఆపి వేశాను. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. బ్రౌజర్ మార్చాను. ఏది కొట్టినా ఎర్ర గుర్తుతో అదే పేజీ. ఫోన్లో తీసుకోవచ్చు కదా అంటారు. పాస్‌వర్డ్ కంప్యూటర్ బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంది, నాకు గుర్తుంటే కదా! మా జీఎస్టీ చూసే ఆయనకి ఫోన్ చేస్తే పెళ్లిలో ఉన్నాడు, బాజాల మధ్య ఒక్క ముక్కా వినబడలేదు.

డ్రైవర్ రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "బావూ, బేగి కానీయండి. ఇలగైతే ఇచ్ఛాపురం దాటేసరికే తెల్లారిపోద్ది." హమాలీలు కూలి డబ్బుల కోసం గట్టు మీద కూర్చున్నారు. నాకు చెమటలు. టెన్షన్లో సిస్టమ్ రీస్టార్ట్ చేశాను, ఎప్పటిలాగే ఎఫ్1 నొక్కమంది, నొక్కాను. అప్పటికి వారం రోజులుగా పొద్దున్నే అలా అడుగుతోంది. ఏమని అడుగుతోందో ఒక్కరోజూ చదివిన పాపాన పోలేదు.

అన్నం తినమని పిలవడానికి మా అన్నయ్య కూతురు వచ్చింది. అప్పుడది ఎనిమిదో తరగతి. నా భుజం మీంచి తొంగి చూసి, "చిన్నాన్నా, యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్ అని ఉంది కదా?" అంది. నిజమే, అంతసేపూ ఆ ఎర్ర గుర్తు కింద అంతంత అక్షరాలతో అదే రాసి ఉంది. తెర కింద మూలకి చూస్తే 2012 జనవరి 1.

తేదీ సరిచేశాను. సైట్ తెరుచుకుంది. బండి తొమ్మిదిన్నరకి కదిలింది. గంటన్నర గోల. ఆ సాయంత్రం చేసిన కూలి పట్టీ కూడా 2012 తేదీతో సేవ్ అయి ఫైళ్ల వరసలో ఎక్కడో అడుగుకి పోయింది, దాన్ని మర్నాడు వెతికి పట్టుకున్నాం. విండోస్ తనంతట తను నెట్ నుంచి టైమ్ తెచ్చుకుంటుంది కదా అని నాకూ అనిపించింది. కానీ తేడా పదిహేను గంటలు దాటితే మామూలు సెట్టింగుల్లో అది సరిచేయదట. ఇక్కడ తేడా పదేళ్లు!

కరెంటు అందనప్పుడు బోర్డు మీది గడియారాన్ని నడిపేది ఆ బ్యాటరీ బిళ్లే. కుర్రాడు వచ్చి బిళ్ల తీసి మీటర్ పెట్టాడు. మూడు వోల్టులు ఉండాల్సింది రెండు దగ్గర కొట్టుకుంటోంది. సీఆర్2032 బిళ్ల మామూలుగా ఏళ్ల తరబడి వస్తుంది. పాత బోర్డుకి ఎనిమిదేళ్లలో ఒక్కసారి మార్చినట్టు గుర్తు. ముప్పై రూపాయలు పెట్టి కొత్తది వేశాం. అది అయిదు నెలలు వచ్చింది. దాని తర్వాతది అయిదు నెలలు కూడా రాలేదు. బోర్డు కంపెనీని తిట్టని రోజు లేదు. గ్యారంటీ కింద అడిగితే బ్యాటరీ మా పూచీ కాదన్నారు. బిళ్ల మీది కాకపోతే పోనీ, దాన్ని తాగేస్తున్న బోర్డు ఎవరిది?

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. కంప్యూటర్ ఆపినా గోడ స్విచ్ వేసి ఉంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి కొంచెం కరెంటు బోర్డుకి అందుతూనే ఉంటుంది, గడియారం దాని మీద నడుస్తుంది. గోడ స్విచ్ కట్టేస్తేనే బిళ్ల మీద భారం. మా ఇంట్లో రాత్రయితే గోడ స్విచ్ కట్టేయాల్సిందే, ప్లగ్గులు కూడా పీకాల్సిందే. అది నాన్న రూలు. ఎండాకాలం సాయంత్రాల్లో మా వైపు పిడుగులు ఎలా పడతాయో తెలిసినవాళ్లెవరూ ఆయన్ని తప్పు పట్టరు. ప్లగ్గు ఉంచితే పిడుగు భయం, తీస్తే బిళ్ల ఖర్చు. ముప్పై రూపాయల కోసం నాన్నతో గొడవ ఎందుకని వదిలేశాను.

2023 చివర్లో మళ్లీ బిళ్ల మార్చడానికి బోర్డు పూర్తిగా బయటికి తీశాం. బిళ్ల గూడు చుట్టూ సన్నటి ఎర్రటి పొర, వేలితో రాస్తే జిగురుగా అంటుకుంది. జీడిపప్పు మీది పొట్టు గాలికి లేచి వచ్చినది, దానికి బాయిలర్ ఆవిరీ సముద్రం తేమా తోడు. ఆ జిడ్డు గుండా బిళ్ల చార్జి కొంచెం కొంచెంగా కారిపోతూ ఉండొచ్చని కుర్రాడి అనుమానం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత పళ్ల బ్రష్ పెట్టి అరగంట తోమాడు. ఆ తర్వాత వేసిన బిళ్ల పదకొండు నెలలు వచ్చింది. అంటే ఇన్నాళ్లూ నేను తిట్టిన తిట్లలో సగం మా పొట్టుకి చెందుతాయి. సగమే! పాత బోర్డు కూడా ఇదే గదిలో ఇదే పొట్టు తిని బతికింది మరి.

నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకాయన ఎరువుల షాపులో పెట్టుకున్నాడు, ఆయన బిళ్ల ఇంతవరకూ మార్చలేదు. రెండో ఆయనది మాలాగే జీడిపప్పు ఇండస్ట్రీ. ఆయన ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు తేదీ ఎంతో చెప్పి నవ్వుతాడు.

మిగతా విషయాల్లో బోర్డు బాగానే చేసింది. ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడూ అదే మాట గానీ, ర్యామ్ రెండో స్లాట్ పోయినేడాది నుంచి పట్టుకోవడం లేదు. ఎనిమిది జీబీ ముక్క ఒకటి కొని మొదటి స్లాట్లోనే పెట్టి నడుపుతున్నాను. వెనకాల ఒక యూఎస్‌బీ కూడా చచ్చిపోయింది.

మీది తలుపులేసి ఉండే శుభ్రమైన గది అయి, పాత ప్రాసెసర్ చేతిలో ఉంటే ఈ ధరకి దీన్ని వద్దనను. కానీ 2021లో చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11 అర్హత జాబితాలో ఈ మూడో తరం ప్రాసెసర్లు లేవు. బ్యాంకు పనులు దీంట్లో మానేసి ఫోన్లో చేస్తున్నాను. ట్యాలీకీ కూలి పట్టీలకీ మాత్రం ఇదే.

సొరుగులో అయిదు బిళ్లల స్ట్రిప్ ఉంది, మూడు అయిపోయాయి. కొత్తది వేసిన ప్రతిసారీ గోడ క్యాలెండర్ మీద తేదీ రాస్తున్నాం. మిగిలిన రెండూ అయ్యేలోపు కొత్త సిస్టమ్ కొంటావా అని మొన్న నాన్న అడిగారు. మార్చిలో జీడి పిక్కల బస్తా ఎంతకి తెగుతుందో చూసి చెబుతానన్నాను.