ముడి జడలా, ముడిలేని జడలా, క్రోషే జడలా: ఏది మేలు?

సవరం కలిపి సన్న జడలు అల్లించుకున్నాక ఎదుటివాళ్ల చూపు ముందు ఎక్కడికి పోతుందో గమనించారా? కొసలకి కాదు, పాపిడికి. జడ నెత్తి మీద నుంచి బయల్దేరే మొదటి అంగుళంలోనే అది సొంత జుట్టులా ఉందో, అతికించినట్టుందో తేలిపోతుంది. పొడవు, రంగు గురించి గంటలకొద్దీ ఆలోచించేవాళ్లు కూడా ఆ అంగుళం గురించి అడగడం మర్చిపోతారు.

మామూలు ముడి జడల్లో, అంటే బాక్స్ బ్రెయిడ్స్‌లో, అదనపు పాయని మడిచి, మీ జుట్టు కుదురు దగ్గరే బిగించి అల్లిక మొదలుపెడతారు. అక్కడ మిరియపు గింజంత ముడి లేస్తుంది. పని త్వరగా అవుతుంది, పట్టు గట్టిగా ఉంటుంది. కానీ అదనపు జుట్టు బరువంతా మొదటి రోజు నుంచే ఆ కుదురు మీద పడుతుంది.

నేను మొదటిసారి అల్లించుకున్నవి ఇవే. ఆ రాత్రి దిండు మీద తల ఆనించలేకపోయాను. మూడో రోజుకి కణతల దగ్గర చిన్న చిన్న తెల్ల పొక్కులు. అల్లినవాళ్లని అడిగితే "కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది" అన్నారు. అది సర్దుకునే వ్యవహారం కాదు, లాగుడికి కుదుళ్లు వాచిపోయాయి. ఇలా మళ్లీ మళ్లీ లాగితే నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. దీన్నే ట్రాక్షన్ అలొపీసియా అంటారు. తొందరగా మేలుకుని ఆపేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురు మచ్చకట్టిపోయి, ఇక అక్కడ మొలవదు.

ముడిలేని జడల్లో, అంటే నాట్‌లెస్‌లో, మొదటి కొన్ని మలుపులు మీ సొంత జుట్టుతోనే అల్లుతారు. కాస్త కిందికి వచ్చాక అగ్గిపుల్లంత సన్న పాయ ఒకటి కలుపుతారు, రెండు మలుపుల తర్వాత ఇంకొకటి. అలా జడ మెల్లగా లావవుతుంది. కుదురు దగ్గర ఉన్నది మీ జుట్టే కాబట్టి పాపిడి చదునుగా కనిపిస్తుంది, జడ మొదటి రోజే ఎటు తిప్పితే అటు వంగుతుంది. కిటుకంతా ఆ మొదటి పాయలో ఉంది. అల్లేవాళ్లు తొందరపడి లావు పాయ కలిపేస్తే ముడి పోయి దాని స్థానంలో బొడిపె వస్తుంది. పేరుకే నాట్‌లెస్! మొదటి జడ పూర్తవగానే అద్దంలో చూసుకుని, నచ్చకపోతే అక్కడే చెప్పండి. యాభై జడలయ్యాక మొహమాటపడి లాభం లేదు. ముడి లేదు కదా అని బిగించి అల్లనిచ్చినా పాత కథే.

దీనికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. టైమ్ బాగా పడుతుంది, సన్న జడలైతే రోజంతా కుర్చీలోనే. నున్నగా జారిపోయే జుట్టున్నవాళ్లకి కొన్ని వారాల్లోనే కుదుళ్ల దగ్గర వదులవుతుంది.

అంత ఓపిక లేకపోతే క్రోషే. మీ జుట్టుని మాడుకి అంటుకునేలా వరసలుగా అల్లి, కొక్కెం సూదితో ఆ వరసల కిందుగా అదనపు జడల్ని లాగి ముడేస్తారు. రెండు మూడు గంటల్లో అయిపోతుంది, విప్పడం కూడా తేలికే. కాకపోతే గాలికి జుట్టు పక్కకి తొలగిందా, లోపలి వరసలు బయటపడతాయి. ముందు రెండు వరసలూ నాట్‌లెస్, వెనకంతా క్రోషే చేయించుకునేవాళ్లున్నారు. తెలివైన పని.

నా ఓటు నాట్‌లెస్‌కే. నెత్తి మీద బరువు తక్కువ, సహజత్వం ఎక్కువ. జుట్టు మరీ నున్ననిదైతే మాత్రం ముడి జడలే నిలుస్తాయి, బిగుతు తగ్గించి అల్లమని గట్టిగా చెప్పండి.

ఇక ఏ జుట్టు కలపాలి? జడలకి సింథటిక్కే నయం. తేలిక, పట్టు ఉంటుంది, కొసల్ని వేడినీళ్లలో ముంచితే విడిపోకుండా ఉంటాయి. మనిషి జుట్టుతో చేసిన సవరమైతే నునుపు వల్ల అల్లిక జారుతుంది. కొసలు వదిలేసి ఉంగరాలు తిప్పుకోవాలంటేనే దానికి డబ్బు పెట్టండి. రంగులో చాలామంది 1 నంబర్ కొనేస్తారు. అది కారునలుపు, విగ్గులా మెరుస్తుంది. నల్లజుట్టు చాలావరకు 1బి అనే కాస్త తేలిక నలుపుకి దగ్గరగా ఉంటుంది. సింథటిక్ పడక దురద పెట్టేవాళ్లు వాడేముందు దాన్ని వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, కడిగి ఆరబెట్టాలి.

ఏ పద్ధతైనా ఆరు నుంచి ఎనిమిది వారాలకి విప్పేయండి. అప్పుడు చేతికి గుప్పెడు జుట్టు వస్తే టెన్షన్ పడకండి. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఎలాగూ రాలతాయి, అవన్నీ జడల్లోనే చిక్కుకుని ఉంటాయి. ఆరు వారాలకి లెక్కేస్తే రెండువేల నుంచి నాలుగువేల పైచిలుకు. ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో వాటిని తీసేశాకే తలంటుకోండి. అలా తీయకుండా నీళ్లు పోశారా, అదంతా ఉండకట్టి కత్తెర పట్టాల్సి వస్తుంది.