పెరుగా, ప్రోబయోటిక్ క్యాప్సూలా: ఏది మేలు?

పోయిన వేసవిలో మా బాబుకి చెవి నొప్పి వస్తే డాక్టరు యాంటీబయోటిక్ రాశారు. మూడో రోజుకి మోషన్స్ పట్టుకున్నాయి. వీధి చివర మెడికల్ షాపుకి పరిగెత్తాను. పిల్లాడి వయసు కూడా అడగకుండా ప్రోబయోటిక్ చిన్న సీసాలు పది చేతిలో పెట్టారు. ఓఆర్‌ఎస్ మాటే ఎత్తలేదు. ఇంటికొస్తే మా అత్తయ్య, "ఇవన్నీ ఎందుకమ్మా, కాస్త పెరుగన్నం పెట్టు" అన్నారు. ఆ రాత్రంతా టెన్షన్‌తోనే గడిచింది. తర్వాత దీని గురించి తీరిగ్గా చదివాను.

తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులను ప్రోబయోటిక్స్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) కలిసి పిలిచిన నిపుణులు 2001లో చెప్పిన మాట ఇది. ఇంటి పెరుగులో బతికున్న బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. కానీ ఏ రకం, ఎంత అన్నది తోడును బట్టి, ఎండను బట్టి మారిపోతుంది. పక్కింటి నుంచి తోడు తెచ్చి వేస్తే పెరుగు రుచి మారడం మనకు తెలిసిందే. క్యాప్సూల్ మీద మాత్రం రకం పేరు, లెక్క అచ్చువేసి ఉంటాయి. రెండింటికీ అసలు తేడా ఇదే.

ఏ జబ్బూ లేని మనిషి రోజూ తీసుకోవడానికి ఏది మేలంటే, నేను సందేహం లేకుండా పెరుగే అంటాను. ప్రోటీన్, కాల్షియం, బీ12 కలిసి వస్తాయి. పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్లకి పెరుగు పడుతుంది. పాలలోని లాక్టోజ్‌ని అరిగించడంలో పెరుగు బ్యాక్టీరియా సాయపడుతుందన్నది గట్టిగా రుజువైన విషయం. అయితే ఆ బ్యాక్టీరియా బతికి ఉండాలి. పొగలు కక్కే అన్నంలో కలిపితే చాలావరకు చచ్చిపోతుంది. మరిగించిన మజ్జిగ పులుసులోనూ అంతే. అన్నం చల్లారాక కలుపుకోండి. చద్దన్నం, తరవాణి కూడా పులిసినవే కాబట్టి వాటిలోనూ జీవం ఉంటుంది. ఇడ్లీ పిండి ఎంత బాగా పులిసినా ఆవిరి మీద ఉడికాక ఏమీ మిగలదు. షాపుల్లో దొరికే 65 మిల్లీలీటర్ల తియ్యటి ప్రోబయోటిక్ డ్రింకుల్లో బ్యాక్టీరియా లెక్క ఉంటుంది, దానితో పాటు చక్కెరా ఉంటుంది. పిల్లలకి రోజూ అలవాటు చేయడం నాకు ఇష్టం లేదు.

యాంటీబయోటిక్ వాడుతున్నప్పుడు సంగతి వేరు. ఆ మందు చెడ్డవాటితో పాటు పేగుల్లోని మంచి బ్యాక్టీరియానీ చంపుతుంది, అందుకే మోషన్స్. ఇక్కడ సప్లిమెంటే పైచేయి. ముఖ్యంగా ల్యాక్టోబాసిలస్ ర్యామ్నోసస్ జీజీ, శాకరోమైసిస్ బౌలార్డి అనే రెండు రకాలు పిల్లల్లో ఈ మోషన్స్ రాకుండా కాపాడతాయని పరిశోధనల్లో తేలింది. రెండోది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. అందుకే యాంటీబయోటిక్ దాన్ని చంపలేదు. మొదటిదైతే మందుకీ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఇవ్వాలి. మోషన్స్ పట్టుకున్నాక కాదు, కోర్సు మొదలైనప్పుడే మొదలుపెడితే ఉపయోగం. డాక్టరు చీటీ రాస్తున్నప్పుడే అడగాల్సింది, నేను అడగలేదు. ఇంకో మాట: డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు పెరుగుతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు. అక్కడా ఎడం కావాలి.

మామూలు విరేచనాలకు పెరుగు, ప్రోబయోటిక్ రెండింటి కంటే ముందు కావాల్సింది ఓఆర్‌ఎస్, పిల్లలకైతే దానితో పాటు డాక్టరు చెప్పిన మోతాదులో జింక్. ప్రోబయోటిక్‌తో విరేచనాలు త్వరగా తగ్గుతాయన్న నమ్మకం పెద్ద పరిశోధనల ముందు నిలబడలేదు. ఓఆర్‌ఎస్ అన్నాను కదా అని తియ్యటి టెట్రా ప్యాక్ డ్రింకులు కొనకండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్, దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నది అడిగి తీసుకోండి.

ఒక రకం చేసిన మేలు ఇంకో రకం చేస్తుందని అనుకోవడానికి లేదు. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందులపై జరిగిన పరిశోధన 2017లో అచ్చయింది. ల్యాక్టోబాసిలస్ ప్లాంటారమ్‌లోని ఒక ప్రత్యేక రకాన్ని, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి వారం రోజులు ఇస్తే, సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి. కానీ అది కనీసం 35 వారాలు నిండి, రెండు కిలోలకు తగ్గకుండా పుట్టిన ఆరోగ్యమైన పిల్లల మీద, ఆ ఒక్క రకంతో వచ్చిన ఫలితం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి సొంతంగా ప్రోబయోటిక్ ఇవ్వడం ప్రమాదం. ఆ బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరవచ్చు. కీమో నడుస్తున్నవాళ్లు, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టించుకున్నవాళ్లు కూడా డాక్టరుని అడగకుండా ముట్టకూడదు.

ఈ మధ్య బాబుకి మళ్లీ యాంటీబయోటిక్ రాశారు. ఈసారి బౌలార్డి సాచెట్లు కూడా అడిగి రాయించుకున్నాను, మొదటి రోజు నుంచే ఇచ్చాను. మధ్యాహ్నం మాత్రం అత్తయ్య చేత్తో చల్లారిన పెరుగన్నమే తిన్నాడు.