పాత పూల్ టేబుల్ కొనాలంటే బార్‌దా, ఇంటిదా: ఏది మేలు?

మా ఇంటికొచ్చి పూల్ (కర్రతో బంతుల్ని టేబుల్ పాకెట్లలోకి కొట్టే ఆట) టేబుల్ చూసినవాళ్లు ముందు అడిగేది, "దీనికి ఈ చిల్లర పెట్టె ఏంటి?" అని. ఆ వెంటనే, "మేమూ ఇలాంటిదే కొనమంటారా, ఆన్‌లైన్లో ఎవరో ఫ్రీగా ఇస్తామంటున్న ఇంటి టేబుల్ తెచ్చుకోమంటారా?" అంటారు. డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొన్న మనవాళ్లకు గేమ్ రూమ్ ఖాళీగా ఉంటే నిద్ర పట్టదు. మొన్న వేసవిలో నేనూ ఇదే తేల్చుకోలేక రెండు నెలలు తిరిగాను.

అందరూ ధరలు పోలుస్తారు. నేనైతే ముందు గుడ్డ కింద ఉన్న రాయి సంగతి అడగమంటాను. ఇళ్ల కోసం చేసిన మంచి టేబుళ్లలో ఆ రాయి, అంటే స్లేట్, సాధారణంగా మూడు ముక్కలుగా ఉంటుంది. బార్లలో క్వార్టర్లు (పావు డాలర్ నాణేలు) వేసి ఆడే వ్యాలీ, డైనమో లాంటి కంపెనీల ఏడడుగుల టేబుళ్లలో ఒకటే పలక. మిగతా తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

మూడు ముక్కల దాన్ని కదపాలంటే చుట్టూ ఉన్న అంచులు (రెయిల్స్) విప్పాలి, గుడ్డ ఊడదీయాలి, రాళ్లు ఒక్కొక్కటే మోయాలి. కొత్త చోట మళ్లీ పేర్చి, లెవెల్ చూసి, అతుకుల్లో మైనం నింపి, గుడ్డ బిగించాలి. యూట్యూబ్ చూసి మనం చేసే పని కాదు. నాకు ఫ్రీగా ఇస్తామన్న టేబుల్‌ని మా ఇంటికి చేర్చి బిగించడానికి 550 డాలర్లు అడిగారు, కొత్త గుడ్డ ఖర్చు కాకుండా. ఇంకో ఊరికి మారితే మళ్లీ అదంతా మొదటి నుంచి.

బార్ టేబుల్ తిరగడానికే పుట్టింది. చాలా బార్లలో అది బార్ యజమానిది కూడా కాదు. ఒక ఆపరేటర్ తెచ్చి పెడతాడు, వచ్చిన చిల్లర ఇద్దరూ పంచుకుంటారు. అందుకే కాళ్లు విప్పి, నిలువుగా పక్కకు తిప్పి, చక్రాల బండి మీద తోసుకుపోయేలా ఉంటుంది. దించాక కాళ్ల అడుగున స్క్రూలు తిప్పి లెవెల్ చేస్తే అయిపోయింది. మాకు నలుగురు మనుషులు, ఒక అద్దె ట్రైలర్, ఒక శనివారం మధ్యాహ్నం సరిపోయాయి. టేబుల్ 900 డాలర్లు, కొత్త గుడ్డ వేయించడానికి ఇంకో 400.

కానీ బరువు దాదాపు 700 పౌండ్లు, కొన్ని ఇంకా ఎక్కువ. ఇక్కడి ఇళ్లలో గేమ్ రూమ్ మేడ మీద, మెట్లేమో మధ్యలో మలుపు తిరిగి ఉంటాయి. మేడ మీద పెట్టాలనుకుంటే మారు మాట్లాడకుండా మూడు ముక్కల టేబులే తీసుకోండి. ఆ పలకను మలుపులో తిప్పబోయి ఎవరి వేళ్లైనా నలిగితే మిగిల్చిన డబ్బు ఆస్పత్రికే పోతుంది. నేను మేడ ఊసెత్తకుండా, ఎప్పుడూ ఎవరూ కూర్చోని ముందు గదిలో సోఫాలు తీసేసి అక్కడ పెట్టాను.

గది కొలత కూడా బార్ టేబుల్ వైపే ఉంది. ఏడడుగుల దానికి మామూలు క్యూతో (ఆడే కర్రతో) సుమారు 13 అడుగుల వెడల్పు, 16 అడుగుల పైచిలుకు పొడవు కావాలి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఎనిమిదడుగుల దానికి 17 అడుగుల పొడవు పెట్టుకోండి. మాకు ఒక మూల గోడ తగులుతుంది, అక్కడికి 48 అంగుళాల పొట్టి క్యూ ఉంచాం.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక బంతిని మెల్లగా ఆ చివరికి వదలండి. చివర్లో పక్కకు ఒరిగితే అది లెవెల్ లోపమా, రాయి లోపమా అని అడగండి. అంచు లోపలి రబ్బరు కుషన్‌కి బంతి కొట్టి చూడండి, "టప్" మని అక్కడే చచ్చిపోతే రబ్బరు గట్టిపడిందన్నమాట. వంగి అడుగుభాగం చూడటం మర్చిపోవద్దు. బార్ నేల రోజూ తడిగుడ్డతో తుడుస్తారు, చెక్కపొట్టు పలకలైతే ఉబ్బిపోయి ఉంటాయి. తాళం చెవులు అడగండి. నాకు అమ్మినాయన చిల్లర పెట్టె చెవి పోయిందన్నాడు. డ్రిల్ పెట్టి తాళం పగలగొడితే లోపల మూడు క్వార్టర్లు, ఒక బీరు మూత.

తెల్ల బంతి సంగతి చాలామందికి తెలియదు. పాకెట్లో పడిన మిగతా బంతులు మళ్లీ చిల్లర వేసేదాకా లోపలే ఉంటాయి, అది మాత్రం వెంటనే వెనక్కి రావాలి కాబట్టి కొన్ని టేబుళ్లలో దాన్ని కాస్త పెద్దదిగా, కొన్నిట్లో అయస్కాంతం లాగేలా చేస్తారు. మామూలు తెల్ల బంతి వేస్తే మిగతావాటితో కలిసి లోపలే ఉండిపోతుంది. పెద్ద బంతి బరువు కాబట్టి, క్యారమ్స్‌లో బరువైన స్ట్రైకర్‌లాగా, తగిలాక ముందుకే పోతుంది, వెనక్కి లాగడం కష్టం. అయస్కాంతం రకం దొరికితే అదే తీసుకోండి. చిల్లర గొడవ వద్దనుకుంటే బంతుల్ని ఆపే తలుపును ఎప్పుడూ తెరిచి ఉండేలా కట్టేయొచ్చు. మేం కట్టలేదు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని హుండీ అంటుంది, పిల్లలు క్వార్టర్లు వేస్తుంటే సంబరంగా చూస్తుంది.

పెద్ద స్టోర్లలో దొరికే చెక్కపొట్టు టేబుళ్లు, డైనింగ్ టేబుల్‌గా మారే రకాలు చిన్నపిల్లలకైతే సరే. ఆట నేర్చుకోవాలనుకునేవాళ్లకు చెప్పను.

నా టేబుల్‌తో ఒకటే ఇబ్బంది. పడిన ప్రతి బంతీ చెక్క దారిలో దొర్లుతూ ఇల్లంతా వినిపిస్తుంది. రాత్రి పది దాటాక ఆడాలనుకుంటే ఆరు పాకెట్లలోనూ పాత టవల్ ముక్కలు కుక్కుతున్నాం.