కొలువు మెట్లకి ఆన్‌లైన్ అట్టపెట్టెలా, షూ డబ్బాలా?

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళకి మెట్ల విషయంలో నా ఓటు ఆన్‌లైన్ ఆర్డర్లతో వచ్చే మందపాటి అట్టపెట్టెలకే. అంచు కోసి చూడండి, రెండు పొరల మధ్య అలల్లాంటి మడతలు కనిపిస్తాయి. అవి నిలువుగా ఉండేట్టు పెట్టి, లోపల పాత పేపర్లు కుక్కి, పైన పట్టుచీర పరిస్తే మట్టిబొమ్మల బరువు కూడా ఆగుతుంది. అడ్డంగా పెడితే కుంగుతుంది.

షూ డబ్బా అట్ట పలచన. పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మల్లాంటి తేలికవాటికి ఓకే, అంతే. కానీ కొలువు ఎత్తేశాక అదే నయం: చాలా సొరుగుల్లో పడుతుంది, మూతని కత్తెరతో ముక్కలు కోసి అడ్డాలుగా దూర్చితే రిబ్బన్లు, గుండీలు, ఎప్పుడూ చిక్కుపడే చార్జర్ వైర్లు దేనికది. అతికించడానికి మైదా జిగురు మాత్రం వద్దు, పురుగులొస్తాయి, ఫెవికాల్ వాడండి. వానాకాలంలో రెండిట్లో ఏదైనా సరే నేలమీద పెట్టకండి, చెమ్మ తగిలితే చెద పట్టేస్తుంది.