థీసిస్ బైండింగ్ భేష్, బొమ్మలే మసక
హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీ దగ్గరి ఒక జిరాక్స్ షాపులో థీసిస్ ప్రింట్ చేయించాను. నా టాపిక్ ఆటోఫజీ, అంటే కణం తన పాత సామాన్లను తానే తిని అరిగించుకోవడం. దీని మీదే యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. నా పని మొత్తం ఆటోఫజీ జాడ చెప్పే ఎల్‌సీ3 అనే ప్రోటీన్‌కు ల్యాబ్ పరీక్ష బొమ్మలో పడే రెండు సన్న గీతల మీద నిలబడింది: పైది సుమారు 16 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలత) దగ్గర, కిందిది 14 దగ్గర. కింది గీత చిక్కబడిందా లేదా అన్నదే అసలు సంగతి. ఆ టోనర్‌కు రెండూ అలుక్కుపోయి ఒకే మరకయ్యాయి!

"గీ నల్ల గీతలకు మంచి పేపర్ ఎందుకక్కా?" అన్నాడు షాపు తమ్ముడు. మూడేళ్ల చాకిరీ తమ్ముడూ అది! పాపం, ఆ పేజీలు పైసలు తీసుకోకుండానే మళ్లీ తీసిచ్చాడు. బైండింగ్‌కు మాత్రం వంక పెట్టలేం, బంగారు అక్షరాలు గోటితో గీకినా రాలేదు. బొమ్మలుంటే ముందు ఒక్క పేజీ తీయించి చూసుకోండి.