సరిహద్దు ఊళ్ల పేర్లతో ప్రోలాగ్: స్వి ప్రోలాగ్, గ్నూ ప్రోలాగ్ కంపైలర్ల మీద దీర్ఘకాల సమీక్ష

నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు లైను రెండు రాష్ట్రాల్లో నడుస్తుంది. టెక్కలి, పాతపట్నం శ్రీకాకుళం జిల్లావి. పర్లాకిమిడి గజపతి జిల్లాది, గుణుపురం రాయగడ జిల్లాది. ఈ వైపు రూట్ల జాబితా, ఊళ్ల జాబితా ఏది తీసుకున్నా పేర్లు తెలుగులో కొన్ని, ఒడియాలో కొన్ని ఉంటాయి. అలాంటి డేటాను ప్రోలాగ్‌లో (నిజాలు, రూల్స్ రాసి ప్రశ్నలు అడిగే ప్రోగ్రామింగ్ భాష) పెట్టి ఏళ్ల తరబడి కంపైల్ చేస్తూ వస్తే రెండు కంపైలర్ల గుణాలూ బాగా తెలుస్తాయి. మా మాట ముందే చెప్పేస్తాం: తెలుగు, ఒడియా పేర్లున్న పనికి స్వి ప్రోలాగే. గ్నూ ప్రోలాగ్ మంచి కంపైలరే గాని దాని చోటు వేరు.

స్విలో విడిగా కంపైల్ చేసే దశ కనిపించదు. ఫైలును కన్సల్ట్ చేసిన (ప్రోలాగ్‌లోకి ఎక్కించిన) క్షణంలోనే ప్రతి క్లాజూ (ఒక్కో నిజం లేదా రూలు) వర్చువల్ మెషీన్ కోడ్‌గా మారి మెమరీలో కూర్చుంటుంది. ఫైలు మార్చాక ప్రాంప్ట్ దగ్గర 'మేక్' అని, చివర చుక్క పెడితే చాలు. మారిన ఫైళ్లను మాత్రమే మళ్లీ ఎక్కిస్తుంది, ఎక్కడా నిర్వచించని ప్రెడికేట్‌ను (క్లాజులతో నిర్వచించే సంబంధాన్ని) ఎవరైనా పిలుస్తుంటే అదీ చూపిస్తుంది. రోజువారీ పనిలో మాకు అన్నిటికంటే విలువైన సౌకర్యం ఇదే.

ప్రోలాగ్‌లో పెద్దబడి ఇంగ్లీషు అక్షరంతో మొదలైన పదం వేరియబుల్. తెలుగు అక్షరాలకు పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి తెలుగుతో మొదలైన పదం స్విలో ఆటమ్ (మారని పేరు) అవుతుంది, కోట్స్ కూడా అక్కర్లేదు. వేరియబుల్ కావాలంటే ముందు అండర్‌స్కోర్ పెట్టాలి. ఇలా:

లైను('నౌపడ', 'టెక్కలి').
లైను('టెక్కలి', 'పాతపట్నం').
లైను('పాతపట్నం', 'పర్లాకిమిడి').
దారి(_అ, _ఇ) :- లైను(_అ, _ఇ).
దారి(_అ, _ఇ) :- దారి(_అ, _ఉ), లైను(_ఉ, _ఇ).

ఇది చక్కగా కంపైల్ అవుతుంది, ఒక్క వార్నింగూ రాదు. నడిపితే మాత్రం 'దారి' తనను తానే ముందుగా పిలుచుకుంటూ పోయి స్టాక్ (పిలుపులను గుర్తుంచుకునే మెమరీ) పరిమితి దాటి ఆగుతుంది. 64 బిట్ మెషీన్‌లో ఆ పరిమితి మామూలుగా 1 జీబీ. పరిమితి పెంచి లాభం లేదు. ఫైలు పైన 'దారి/2'కు (రెండు ఆర్గ్యుమెంట్లున్న 'దారి'కి) టేబుల్ డైరెక్టివ్ (వచ్చిన జవాబులను గుర్తుపెట్టుకోమనే ఆదేశం) పెడితే అదే కోడ్ సరైన జవాబులిచ్చి ముగుస్తుంది. గ్నూ ప్రోలాగ్‌లో టేబులింగ్ లేదు. అక్కడ రూల్‌నే తిరగరాయాలి, లైన్లలో చుట్టుదారి ఉంటే తిరిగిన ఊళ్ల జాబితాను కూడా వెంట మోయాలి.

కోట్స్ అక్కర్లేకపోయినా పేర్లకు కోట్స్ పెట్టండి. 'బస్‌స్టాండ్' లాంటి మాటలో పొల్లు తర్వాత కీబోర్డు ఒక కనిపించని అక్షరాన్ని చొప్పిస్తుంది, జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది ఉన్న పేరూ లేని పేరూ తెరమీద ఒకేలా కనిపించవచ్చు, ప్రోలాగ్‌కు మాత్రం రెండూ వేర్వేరు ఆటమ్‌లు. ఒడియాలో కింద చుక్క ఉన్న 'డ' తోనూ ఇదే తంటా. ఆ అక్షరానికి ఒకే కోడ్ ఉంది, 'డ' పక్కన చుక్కను విడిగా పెట్టే పద్ధతీ ఉంది. ఒకరు ఒకలా, మరొకరు మరొకలా టైప్ చేస్తే క్వెరీ 'ఫాల్స్' అంటుంది, ఎర్రర్ ఏదీ రాదు. కంపైలర్ దీన్ని పట్టుకోదు. డేటాను ఫైల్లోకి తేకముందే ఒక రూపానికి మార్చుకోవాలి. పాత వెర్షన్లున్న విండోస్ పీసీల్లో ఫైలు మొదటి వరుసలో యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ డైరెక్టివ్ తప్పనిసరి.

ఇంకో చిక్కు సరిహద్దుతోనే వస్తుంది. శ్రీకాకుళం వైపు లైన్లు ఒక ఫైల్లో, ఒడిశా వైపువి ఇంకో ఫైల్లో పెట్టడం సహజం. రెండింట్లోనూ 'లైను/2' ఉంటే రెండో ఫైలు ఎక్కగానే మొదటి ఫైలు క్లాజులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. 'రీడిఫైన్డ్ స్టాటిక్ ప్రొసీజర్' అని ఒక్క వరుస కనిపిస్తుంది, మిగతా వార్నింగుల మధ్య అది కంట పడదు. రెండు ఫైళ్లలోనూ 'లైను/2'ను మల్టీఫైల్‌గా (క్లాజులు ఒకటికి మించిన ఫైళ్లలో ఉంటాయని) ప్రకటించాలి. ఒకే ఫైల్లో క్లాజులు చెదిరి ఉంటే స్వి వార్నింగ్ ఇచ్చి వాటిని ఉంచుకుంటుంది. గ్నూ ప్రోలాగ్ అయితే 'డిస్‌కంటిగ్యువస్' అని చెప్పి ఆ క్లాజును వదిలేస్తుంది. స్విలో వార్నింగులు పట్టించుకోకుండా రాసిన ఫైలు గ్నూలో సగం డేటాతో నడిచేది ఇందుకే.

ఎగ్జిక్యూటబుల్ కావాలంటే స్విప్ల్ (swipl) కమాండ్‌కు చిన్న ఓ ఆప్షన్ (-o) తర్వాత బయటికొచ్చే ఫైలు పేరు, చిన్న సి (-c) తర్వాత సోర్స్ ఫైలు పేరు ఇవ్వాలి. పెద్ద ఓ వేరే ఆప్షన్, అది లెక్కల కోడ్‌ను వేగవంతం చేయడానికి. ఫైల్లో ఇనిషియలైజేషన్ డైరెక్టివ్‌ను మెయిన్, మెయిన్ అని రెండు ఆర్గ్యుమెంట్లతో పెట్టండి, లేకపోతే ప్రోగ్రామ్ నడవకుండా ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. మామూలు డైరెక్టివ్‌లో ఫైలు తెరిచే పని పెట్టొద్దు: అది కంపైల్ వేళ ఒకసారి జరిగిపోతుంది, తర్వాత ఎగ్జిక్యూటబుల్ నడిపినప్పుడు ఆ స్ట్రీమ్ ఉండదు. విండోస్‌లో అయితే ఎగ్జిక్యూటబుల్ పక్కన స్వి డీఎల్‌ఎల్ ఫైళ్లు కూడా ఉండాలి. పెద్ద ఫ్యాక్ట్ ఫైళ్లను క్యూకంపైల్‌తో క్యూఎల్‌ఎఫ్‌గా (ముందే కంపైల్ చేసిన ఫైళ్లుగా) మార్చుకుంటే లోడింగ్ బాగా తగ్గుతుంది. స్వి వెర్షన్ మారితే వాటిని మళ్లీ తయారు చేసుకోవాలి.

గ్నూ ప్రోలాగ్‌లో జీపీఎల్‌సీ అనే కంపైలర్ కమాండ్ నేరుగా మెషీన్ కోడ్ ఇస్తుంది. ప్రోలాగ్ లేని లినక్స్ పీసీకి ఆ ఒక్క ఫైలూ కాపీ చేస్తే నడుస్తుంది. పాత ల్యాబ్ మెషీన్లకు ఇది నిజంగా పెద్ద మేలు. 'నో టాప్ లెవెల్', 'మిన్ సైజ్' ఆప్షన్లు ఇస్తే ఫైలు ఇంకా చిన్నదవుతుంది. తెలియని డైరెక్టివ్ కనిపిస్తే ఇనిషియలైజేషన్ వాడమని సూచించి దాన్ని పక్కన పెట్టేస్తుంది. గ్లోబల్ స్టాక్ నిండితే జీఎల్‌ఓబీఏఎల్‌ఎస్‌జడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను పెంచాలి, విలువ కిలోబైట్లలో ఇవ్వాలి.

అయితే 1.4 శ్రేణిలో దానికి అక్షరం అంటే ఒక బైటు. 'రాయగడ' పొడవు అడిగితే స్వి 5 అంటుంది (దీర్ఘం గుర్తు విడిగా లెక్క), గ్నూ 15 అంటుంది. పేరులో మొదటి రెండక్షరాలు కోయమంటే అక్షరం మధ్యలో తెగి తెరమీద చెత్త పడుతుంది. పేర్లను పోల్చి ఉన్నదున్నట్టు అచ్చు వేయడం వరకే అయితే ఇబ్బంది లేదు. అకారాది క్రమం, వెతుకులాట, పేరులో ముక్క తీయడం ఉన్న ప్రోగ్రామ్‌ను మాత్రం జీపీఎల్‌సీకి ఇవ్వకండి. ఊళ్లకు అంకెల కోడ్‌లు పెట్టి దారి లెక్క గ్నూతో చేయించి, పేర్లు చూపించే భాగాన్ని స్వితో రాస్తే రెండూ బాగానే కలిసి నడుస్తాయి.