పిల్లల ఫ్లోరైడ్ టూత్‌పేస్టు: పేస్టు మంచిదే, గొట్టంతోనే చిక్కు

మా రెండేళ్ల పాపకు ఆరు నెలలుగా వాడుతున్న ఈ టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే గ్రాము పేస్టుకు ఒక మిల్లీగ్రాము ఉన్నట్లు గొట్టం వెనుక స్పష్టంగా ముద్రించడం నాకు నచ్చింది. ఆమ్లాల వల్ల పంటి ఎనామిల్ కోల్పోయే ఖనిజాలు తిరిగి చేరడానికి ఫ్లోరైడ్ తోడ్పడుతుంది కనుక తొలి పన్ను మొలిచినప్పటి నుంచే వాడవచ్చు. అయితే మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల లోపు వారికి బఠాణీ గింజంతకు మించకూడదు.

నా అభ్యంతరమంతా ఇక్కడే. గొట్టం రంధ్రం ఎంత వెడల్పుగా ఉందంటే, కాస్త నొక్కితే చాలు, బ్రష్షు పొడవునా పేస్టు పరచుకుంటుంది. విచిత్రమేమిటంటే, పెట్టె మీది బొమ్మలోనూ అలాగే చూపించారు. పైగా మిఠాయిని తలపించే స్ట్రాబెర్రీ రుచి. ఉమ్మడం రాని పిల్లలు ఎక్కువ పేస్టును రోజూ మింగుతూ ఉంటే, చిగుళ్ల లోపల రూపుదిద్దుకుంటున్న శాశ్వత దంతాలపై తెల్లని మచ్చలు, అంటే దంత ఫ్లోరోసిస్, ఏర్పడే అవకాశం ఉంది. అందుకే పేస్టును నేనే బ్రష్షుకు కొద్దిగా అద్ది, రోజుకు రెండుసార్లు దగ్గరుండి తోమి, గొట్టాన్ని పాపకు అందని అరలో పెడుతున్నాను. నురుగు తక్కువ, మంట లేదు. రంధ్రం సన్నగా చేస్తే మళ్లీ కొంటాను.